వామి కింద వీరగల్లు

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. సోలారు కంపెనీకి ఇచ్చిన భూమి పోగా మిగిలిన ముక్కలో ఈసారీ శెనక్కాయే ఏసినాను. పంట ఇంటికొచ్చినాక గట్టు మీది వీరగల్లును కడిగి, దాని ముందర గుప్పెడు కాయలు పెడ్తా ఉంటివి గదా. ఆ రాయి గురించే చెప్తా ఉండాను.

రాతిలో కత్తి పట్టుకున్న ఆ వీరుడు మావాడంటే మావాడని మనూరోళ్లు, కిందూరోళ్లు వాట్సాప్‌లో తిట్టుకుంటా ఉండారు. "ఎవరు నాయనా ఈయన?" అని చిన్నప్పుడు నేనడిగితే, "కొట్లాటలో సచ్చినోడు తల్లీ, అంతే" అంటివి నువ్వు.

మాకు దక్కకుంటే రాయిని పగలగొడ్తామని కిందూరోడొకడు వీడియో పెట్టినాడు. భయమేసి, రాయి కనపడకుండా దాని మీదనే, కాయలు తెంపినాక మిగిలిన శెనక్కాయ కట్టె వామి ఏసినాను. అదే తప్పయిపాయ. రాయి కనపడక, కిందూరోళ్లు పగలగొట్టేసినారని మనోళ్లు పుకారు లేపినారు. యాడిదో పగిలిన రాయి ఫోటో కూడా పెట్టినారు.

ఈ పొద్దు పొద్దున్నే మనోళ్లు, దానికి బదులని కిందూరి గుడి ముందరుండే రాతికంబం పడగొట్టను గడ్డపారలు తీసుకొని మన గట్టు మీదనే వచ్చినారు. నేను వామి లాగేసి, అడ్డం నిలబడినాను.

"ఇదో, రాయి ఈడే ఉండాది. ఏమీ కాలేదప్పా, చూడండి."

"పగిలింది ఫోన్లో చూసినాంలేక్కా, జరుగు" అని పక్కనుంచే పోయినారు.

కంబం పడిపోయిందని సాయంత్రం నా ఫోన్లోనూ ఫోటో వచ్చింది. అది నిజమో కాదో పోయి చూసొచ్చే ఓపిక నాకూ లేకపాయ నాయనా.