పన్నెండు వేల ఆమెన్

ఏలూరు
12 జూన్ 2008, గురువారం రాత్రి

బాబాయి కొడుకు జాన్సన్ తన బండిని బెంగళూరు తీసుకెళ్లి డైనో ట్యూనింగ్ చేయించుకొచ్చాడు. అంటే బండిని రోలర్ మీద పరిగెత్తించి, పవర్ కొలిచి, దాన్నిబట్టి ఇంజన్ సర్దుతారట. పన్నెండు వేలు! గుండుగొలనులో సెకండ్ హ్యాండ్‌లో నేను కొన్న బండి మొత్తం పదకొండు వేలు. వాడి ట్యూనింగ్ కన్నా నా బండే చవక. ఈ విషయాన్ని చరిత్ర గమనించాలి.

సాయంత్రం పిన్ని ఆ బండికి ప్రార్థన పెట్టించింది. పాస్టరు గారు ట్యాంకు మీద ఒక చెయ్యి, పవర్ పెరిగిందని చూపించే గ్రాఫు కాగితం మీద ఒక చెయ్యి వేసి కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. బీఎస్సీ ఫిజిక్సు చదివినవాడిగా ఆ గ్రాఫులో తప్పు వెతికాను. దొరకలేదు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను.

"అన్నయ్యా, దెందులూరు దాకా ఓ రౌండేసి రా," అంటూ వాడు తాళం నా చేతిలో పెట్టాడు.

"ఎంత పవరుంటే ఏం లాభంరా, హైవే మీద నీళ్లు కారే చేపల లారీ వెనకాల తడుస్తూ పోవాల్సిందే కదా!" అని తిరిగిచ్చేశాను.

అందరూ నవ్వారు, పాస్టరు గారితో సహా. వాడు మాత్రం నవ్వలేదు. నిజంగానే నడపమన్నాడు వెధవ.

జోకు బాగానే పేలింది. కానీ పెన్ను పట్టుకున్నా ఈ కుడి చెయ్యి ఎక్సలేటరు తిప్పుతూనే ఉంది. రేపు పొద్దున్నే పిన్ని ఇంటికి కాఫీకి వెళ్లాలి. వాడు మళ్లీ అడిగితే బావుణ్ణు...