ఖాళీ గదిలో తంబూరా

ఎల్బీనగర్,
మంగళవారం పొద్దున్న.

సౌభాగ్యవతి సూర్యప్రభకు,

మీ ఆయన దీవించి రాసేది. ఇక్కడ నేనూ, పై వాటాలో నీ శిష్యురాలు జ్యోతిక వాళ్ళూ, నీ మల్లె కుండీలూ అందరం కులాసా. అక్కడ నువ్వూ, నీ గొంతూ కులాసా అని తలుస్తాను. గొంతును విడిగా ఎందుకు అడిగానో ఈ ఉత్తరంలో ఎక్కడో వస్తుంది. నీ అలవాటు ప్రకారం చివరి పేజీ ముందు తిప్పకు.

నీ ఉత్తరం శనివారం అందింది. మౌనంలో ఉన్న మనిషివి కదా, రెండు ముక్కలు రాసి ఊరుకుంటావనుకున్నాను. నోరు కట్టేస్తే ఆ మాటలన్నీ చేతిలోకి దిగుతాయని ఆ ప్రకృతి ఆశ్రమం వాళ్ళకు తెలియనట్టుంది. ఫోనుతో పాటు కలం కూడా లాకరులో పెట్టించుకోవలసింది. సరే, అడిగినవాటికి జవాబులు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. పెరుగు తోడుకుంటోంది, తోడుకోని రోజున పైనుంచి పెంటమ్మ పంపిస్తోంది. గ్యాసు వచ్చింది. టీవీ గట్టిగా పెట్టొద్దని రాశావు, తగ్గించాను. తగ్గిస్తే ఆ వార్తలు చదివే అమ్మాయి గొణుగుతోంది. అసలు ఈ మధ్య ఎవరూ నోరు తెరిచి మాట్లాడటం లేదు. మెట్రోలో స్టేషన్ పేర్లు చెప్పే ఆవిడా అంతే. మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో దిగవలసినవాణ్ణి మూసారాంబాగ్ దాకా పోయి, ఎండలో వెనక్కి నడిచి వచ్చాను.

ఆ సంగీతం టీచరు లలితకుమారి సంగతి అడిగావు. ఆదివారం ఆవిడ ఆశ్రమానికి వస్తుందనీ, నీ శిష్యులందరినీ ఆవిడకు అప్పగించి ఇక పాఠం చెప్పడం మానేస్తాననీ రాశావు. దానికి జవాబు ఇక్కడ రాయను. కాని ఆ లోపల ఈ ఉత్తరం నీ చేతిలో పడాలి. అదే నా ఆదుర్దా. ఎండాకాలంలో నీ పాటలో మాటలు స్పష్టంగా పలకడం లేదని తేలడం, డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి ఏమీ లేదన్నా నువ్వు నమ్మకపోవడం, చివరికి మౌనచికిత్సని గోదావరి ఒడ్డుకు పోవడం, అన్నీ చకచకా జరిగిపోయాయి. నేను అడ్డు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

వెళ్ళేముందు నువ్వు నాకో పని అప్పగించావు. పాఠం ఎవరు చెప్పినా మన శ్రుతి మాత్రం పిల్లల దగ్గర ఉండాలన్నావు. ఫోనుల్లో దొరికే తంబూరాలు సీసాలో పడ్డ ఈగల్లా ఉంటాయంటావు. మన తంబూరా ప్రోగ్రాము ఉన్న పాత కంప్యూటరేమో కిందటేడే కన్ను మూసింది, కోడు మాత్రం మిగిలింది.

ఆ తంబూరా పుట్టిన రోజులు గుర్తున్నాయా. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇడ్లీ హోటలు పైన ఒక గది, బయట కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ అని బోర్డు. నేను చదివింది ఇంటరు, నేర్పింది సి లాంగ్వేజి. స్టూడెంట్ల కంటే ఒక పాఠం ముందుండేవాణ్ణి, అంతే నా పాండిత్యం. ఒకసారి బాపట్ల నుంచి వచ్చినవాడొకడు నన్ను దాటి రెండు పాఠాలు ముందుకెళ్ళి ప్రశ్న అడిగాడు. కరెంటు పోయింది, రేపు చెబుతానన్నాను. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. వాడు మంచివాడు, లేచి వెళ్ళి ఫ్యాను కట్టేశాడు. ఆ గదిలోనే సాయంత్రాలు నువ్వు పక్కన కూర్చుని, "ఇంకొంచెం పైకి. ఊహూ, ఎక్కువైంది. ఇప్పుడు తీగ కింద దారం పెట్టినట్టు జుమ్మనాలి" అంటుంటే నేను అంకెలు మార్చేవాణ్ణి. అలా కుదిరింది మన ఐదున్నర శ్రుతి.

దాన్ని ఫోనులో పలికించాలంటే వెబ్ అసెంబ్లీలోకి దించాలి. కంగారుపడకు. ప్రతి ఫోనులోనూ బ్రౌజరు ఉంటుంది, దాని కడుపులో చిన్న యంత్రం ఒకటి ఉంది. నేను సిలో రాసినదాన్ని కంపైలరు ఆ యంత్రానికి తెలిసిన అంకెల్లోకి మార్చిపెడుతుంది. ఆ తరవాత ఏ ఫోనైనా దాన్ని నడుపుతుంది. ఇందులో రెండు దారులున్నాయి. సిద్ధంగా దొరికే కోడు సామానంతా లారీలో వేసుకుని కాపరానికి దిగడం ఒకటి. ఉత్త గదిలో దిగడం రెండోది, నేను పట్టింది అదే. జ్యోతిక వాళ్ళకు ముందు మన పై వాటా ఖాళీ చేస్తూ బల్బు కూడా విప్పుకుపోయిన మహానుభావుడు ఉన్నాడు చూడు, అతను వదిలిన గది లాంటిది. అందులో గడియారం లేదు, ఫైలు లేదు, తెర మీద ఒక్క అక్షరం రాసే వీలు లేదు. కొంత మెమరీ, కొన్ని లెక్కలు, అంతే. మరేది కావాలన్నా బయట ఉన్న బ్రౌజరును అడిగి తెచ్చుకోవాలి.

"అంత అవస్థ దేనికండీ" అంటావు. పిల్లల్లో సగం మందివి పాత ఫోనులు, బరువు లేకపోతే గబుక్కున తెరుచుకుంటుంది అని చెబుతాను. అసలు సంగతి అది కాదని నీకు తెలుసు. ఉత్త గదిలో నెగ్గుకురాగలనా లేదా అని నా దురద.

మొదటిసారి కంపైల్ చేస్తే ఫైలు ఎంత బుల్లిగా వచ్చిందంటే, ఉబ్బిపోయాను. దిల్‌సుఖ్‌నగర్ పోయి, టీ కొట్టు దగ్గర మన రామారావుకు చూపించి గొప్పలు చెప్పుకున్నాను. "ఇంత చిన్నదా. పలుకుతుందా మరి?" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే పలకలేదు. విప్పి చూస్తే లోపల ఏమీ లేదు. ఏ ఫంక్షన్‌ను బయటినుంచి పిలుస్తారో నేను చెప్పడం మరిచాను. ఎవరూ పిలవనివి దేనికని కంపైలరు తంబూరా మొత్తాన్ని ఊడ్చేసి, ఖాళీ డబ్బా నా చేతిలో పెట్టింది. దాని తప్పేం లేదు. రామారావుకు ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

తరవాత సైను, ఆ త్రికోణమితిలోది. నాదమంతా దాని మీదే నడుస్తుంది. ఆ యంత్రానికి వర్గమూలం వచ్చు, సైను రాదు. కూడికలూ గుణకారాలూ పేర్చి నేనే కట్టుకున్నాను. ఇంటరులో నన్ను తప్పించిన పాఠమే అది. మొత్తానికి తంబూరా పలికింది.

పలికింది గాని ప్రాణం లేదు. దుప్పటి కప్పుకుని మూలిగినట్టుంది. ఆ జుమ్మనే మెరుపు ఏమైపోయిందో తెలియదు. ఇక నాకు కుదురు లేదు. నా సైనును అనుమానించాను. దశాంశాలను అనుమానించాను. కంపైలరు తెలివి ఎక్కువై ఏదో కోసేసిందని దాని మీద కేకలేశాను. కూర్చోవడం, లేవడం, చౌరస్తా దాకా నడిచి విజయవాడ బస్సులు చూసి రావడం, మళ్ళీ కూర్చోవడం. అన్నం తింటూ లేచి ఒక అంకె మార్చి వచ్చి మళ్ళీ తిన్నాను. ఇప్పుడు కూడా ఈ పేరా రాస్తూ మధ్యలో లేచి వసారాలో తిరిగి వచ్చాను.

ఒక స్వరం అంటే ఒకటే నాదం కాదు కదా. దాని మీద సన్నటి నాదాలు దొంతరగా ఉంటాయి, నువ్వు చెప్పిందే. ఆ పై దొంతరలను పెంచాను. చాలలేదు. ఇంకా పెంచాను. అప్పటికి నా పాత తంబూరా నాకు దొరికింది. సంతోషంగా జ్యోతికకు లింకు పంపాను. కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో డ్యూటీ దిగి ఇంటికొచ్చి, పైన సాధన మొదలుపెట్టినట్టుంది. కాసేపటికి ఎలుకను తోకతో పట్టుకున్నట్టు ఫోనును దూరంగా పట్టుకుని మెట్లు దిగింది.

"సార్, గిదేంది సార్. చెవులల్ల సూదులు గుచ్చినట్టున్నది."

"నీ ఫోను స్పీకరు పోయి ఉంటుంది."

"నా ఫోన్ మంచిగనే ఉన్నది. మీ ల్యాప్‌టాప్‌ల పెట్టుండ్రి, చూద్దాం."

పెట్టాను. రెండు చెవులూ మూసుకుంది. నాకు మాత్రం కమ్మగా ఉంది.

సరే, కంపైలరు ఎక్కడ మోసం చేస్తోందో పట్టుకుందామని, ఒకే ఒక్క నాదం కింద నుంచి మెల్లగా పైకెక్కేటట్టు రాశాను. అది ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట ఆగిపోయింది.

"చూశావా, ఆగింది. ఇక్కడే ఉంది బగ్గు" అన్నాను, దొంగను పట్టినట్టు.

"ఆగలే సార్. ఒస్తనే ఉన్నది" అంది.

అంతలో జ్యోతిక వాళ్ళత్త పెంటమ్మ పెరుగు గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది. "ఏంది సారూ, ఇంట్ల దోమ సొచ్చిందా? గుయ్యిమంటున్నది."

"నీకు వినపడుతోందా పెంటమ్మా?"

"ఎందుకు వినపడది? చెవిటిదాన్ననుకున్నవా నన్ను?"

ఆవిడ నాకంటే పెద్దది. జ్యోతిక ఫక్కున నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. "సార్, మీకు ఒస్తలేదా?" అని మెల్లగా అడిగింది.

నేను తెర వైపు తిరిగాను. మెమరీలో అంకెలు వరసగా పైకీ కిందికీ ఊగుతున్నాయి. నాదం అక్కడే ఉంది, ఎక్కడా ఆగలేదు. సైను తప్పు లేదు. కంపైలరు తప్పు లేదు. గది నిండా నాదం మోగుతోంది, నా ఒక్కడికే నిశ్శబ్దం.

ప్రభా, రాయవలసింది ఇక రాసేస్తాను. మర్నాడు కొత్తపేటలో చెవులు పరీక్ష చేయించుకున్నాను. అక్కడి టెక్నీషియన్ నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి, వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. నేను నొక్కకుండా కూర్చుంటే బయట అతను తల వంచుకుని ఏదో గీసుకున్నాడు. పై నాదాలు పోయాయట. చాలా రోజులుగా పోతున్నాయట. "స, శ, చ ఇట్లాంటి శబ్దాలు పైననే ఉంటయి సార్. గొంతు వినపడ్తది, మాట తెల్వది. ఎదుటోళ్ళే మాట మింగుతున్నరు అనిపిస్తది మీకు" అన్నాడు.

మాట మింగుతున్నారు. పైన "తేలడం" అని రాశాను చూడు, ఎవరు తేల్చారో రాయలేదు. నువ్వు కొత్త కృతి చెబుతుంటే పిల్లలందరి ముందూ "మాటలు మింగేస్తున్నావు ప్రభా, సాహిత్యం ఒక్క ముక్క తెలియడం లేదు" అన్నది నేను. ఒకసారి కాదు. పాత కీర్తనలకు ఎప్పుడైనా వంక పెట్టానా? లేదు. ఎందుకంటే ఆ మాటలు నాకు కంఠతా వచ్చు, చెవి వదిలేసినవి బుర్ర అందించింది. కొత్తదానికి బుర్ర దగ్గర ఏమీ లేదు.

ఇక్కడిదాకా రాసి లేచిపోయాను. చౌరస్తా దాకా వెళ్ళి వచ్చాను. ఇంకొక్కటుంది.

జ్యోతిక తన ఫోనులో నీ పాఠాలన్నీ రికార్డు చేసుకుంది. ఆ కొత్త కృతి పాఠం అడిగి తీసుకున్నాను. తంబూరా ఫైల్లోనే చిన్న ఫంక్షన్ ఒకటి రాశాను, శబ్దంలో పై భాగాన్ని మాత్రం హెచ్చించేది. రెండే వాక్యాలు, సైను కూడా అక్కర్లేదు. బయటినుంచి పిలవాలని ఈసారి మరిచిపోకుండా చెప్పాను. నీ గొంతును ఆ ఖాళీ గదిలోంచి పంపి, హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని విన్నాను.

స వచ్చింది. శ వచ్చింది. మాట మాటా గీసినట్టు వచ్చింది. ఎండాకాలమంతా నా ఎదురుగా పాడిన పాటలో ఇన్ని మాటలున్నాయని నాకు అప్పుడు తెలిసింది.

పాట అయ్యాక కూడా రికార్డు నడిచింది. జ్యోతిక గొంతు, "మేడం, మీరు మంచిగనే పలుకుతున్నరు గద. సార్ ఎందుకట్ల అంటడు?" దానికి నువ్వు, "ఆయన చెవి సంగతి నీకు తెలియదమ్మా. తంబూరాను వెంట్రుకవాసిలో పట్టుకున్న చెవి అది. లోపం నాదే అయి ఉంటుంది."

వెనకాల పేపరు తిప్పుతున్న చప్పుడు ఉంది. అది నేనే. ఆ గదిలోనే కూర్చుని ఉన్నాను, ఆ మాట నాకు వినపడలేదు.

నీ గొంతులో ఏమీ లేదు ప్రభా. డాక్టరు నిజం చెప్పాడు. జ్యోతిక నిజం చెప్పింది. నువ్వు నమ్మకూడని మనిషిని నమ్మావు. లలితకుమారికి కాఫీ ఇచ్చి, క్షేమం అడిగి పంపించు, పిల్లల్ని మాత్రం ఇవ్వకు. తంబూరాను నీ పాత అంకెలతోనే మళ్ళీ పెట్టాను. మొదటి నుంచీ సరిగ్గానే ఉందది. "ఇప్పుడు మేడం ఇంట్ల ఉన్నట్టే ఉన్నది" అంది జ్యోతిక. నాకు దుప్పటి కప్పినట్టే ఉంది, కాని ఇక నుంచి ఆ విషయంలో నా మాట చెల్లదు.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. ఆదివారం దాకా డబ్బాలో పడి ఉంటుందేమో అనుకుంటూ ఇక్కడ కూర్చోలేను. సంచీ సర్దుకున్నాను, చౌరస్తాలో రాజమండ్రి బస్సెక్కుతున్నాను. మౌనంలో ఉన్నవాళ్ళను కలవనివ్వరట, అందుకని వాచ్‌మన్ చేతికిచ్చి గేటు బయట కూర్చుంటాను. చదివాక తిట్టాలనిపిస్తే కాగితం మీద తిట్టి పంపు, నెమ్మదిగా చదువుకుంటాను. లేదా ఆ మౌనం పక్కన పెట్టి, గేటు దాకా వచ్చి ఆ కొత్త కృతి పాడు. మాటలు ఎలా ఉన్నాయో వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకుంటాను.

ఇట్లు,
గేటు బయట ఉన్న మీ ఆయన,
భానుమూర్తి