పప్పు ఉడికేదాకా

జనగామ, ఆదివారం రాత్రి

తెలంగాణ కోసం ఇవాళ రోడ్డు మీద వంటావార్పు పెట్టాం. మైకు నా చేతిలోనే ఉంది. "ప్రధానమంత్రిది పేరుకే కుర్సి. ఎనుకున్నోళ్లు చెప్పంది సంతకం పెట్టడు" అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

అంతలో ఎస్సై వచ్చి, "అన్నా, రోడ్డు ఎప్పుడిడుస్తరు?" అని అడిగాడు. నాకు తెలియకుండానే పొయ్యి దగ్గరున్న మా ఆవిడ వైపు చూశాను.

"పప్పు ఉడకాలె. అందరు తిన్నంక లేస్తం" అంది గరిటె తిప్పుతూ.

"జర జల్ది కానియ్యి అక్కా" అని ఆమెతోనే చెప్పి నవ్వుతూ వెళ్లాడు ఎస్సై.

పప్పు కమ్మగా కుదిరింది. కడుపునిండా తిన్నాను. ఎవరిని అడగాలో ఎస్సైకి ఒక్క చూపుతో తెలిసిపోయింది. ఢిల్లీలో ఎవరిని అడగాలో మాకు ఇన్నేళ్లయినా...