రికార్డుకు రెండో వైపు

ఇందల్వాయి,
6-2-1967

ప్రియమైన నాన్నకు,

నాగకుమారి నమస్కారాలు. నేను ఇక్కడ క్షేమం. రుక్మాబాయి నన్ను ఒక్క పనీ ముట్టుకోనివ్వడం లేదు. బోధన్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజులు మమ్మల్ని ఇంకా వదల్లేదు.

స్నేహితురాలిని చూసి నాలుగు రోజులుండి వస్తానని మీతో చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం మీరు ఆదివారం పత్రికలో చూసి తెలుసుకోవడం కన్నా నా చేతిరాతలో తెలుసుకోవడమే నయమనిపించి రాస్తున్నాను.

మేము పాట రికార్డు చేయడానికి హైదరాబాదు వెళ్లిన రోజు మీరు రాలేకపోయారు. చెరకు కొట్టడానికి ఫ్యాక్టరీ పర్మిట్ ఆ రోజే వచ్చింది. అమ్మా, నేనూ, జగన్మోహనరావు బాబాయీ వెళ్లాం. బాబాయి గెలవాలని సైకిల్ గుర్తు పాట పాడాను. ఇంతవరకు మీకు తెలుసు. తర్వాత బాబాయి పోస్టర్ల అచ్చు చూసుకోవడానికి వెళ్లాడు. అప్పుడు జరిగింది మీకు తెలియదు.

బోధన్‌లో మైకుసెట్లు అద్దెకిచ్చే ఆత్మారాం రెండు పార్టీల పాటలకూ తనే గుత్త తీసుకున్నాడు. ఒకే రోజు, ఒకే గది. మా వెనకే గొడుగు గుర్తు దేవన్న తరఫున పాడటానికి అంజవ్వ వచ్చింది. మన కాలువ చివర రెండు మళ్లున్న అంజవ్వే. మన పొలంలో నాట్లకు వచ్చినప్పుడు పాట ఎత్తుకునేది ఆమే కదా. ఆ పాట మడి ఎంత ఉంటే అంత ఉంటుంది, మడి నాటడం అయితేనే ఆగుతుంది. రికార్డుకు ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు. రికార్డింగాయన అద్దం వెనక నుంచి ఆపమని చేతులు ఊపుతున్నాడు, అంజవ్వ కళ్లు మూసుకుని పాడుతోంది. మళ్లీ మొదలుపెట్టించారు. మళ్లీ అంతే. కుదించమంటే ఒప్పుకోలేదు.

“మడి సగంల ఎట్ల ఇడుస్త బిడ్డా? నారు ఎండిపోదా?” అంది.

గది ఖాళీ చేయాల్సిన సమయం దగ్గరపడింది. ఆత్మారాం తల పట్టుకున్నాడు. అప్పుడు అంజవ్వ నా వైపు తిరిగింది. “గట్టు మీద కూసోని ఇన్నవు గద, నీకు ఎరుకే. నువ్వు పాడు. నీకు నాటేసుడు రాదు, నడిమిట్ల ఆపనీకి వస్తది.”

పాట ఇది:

మీది మడికి నీళ్లు నిండె, కింది మడికి నెర్రెలొచ్చె
మీది దొరకు నిద్ర పట్టె, నీళ్లు పాయె వాగు పాలు

చివర గొడుగుకు ఓటేయమని ఒక ముక్క. ఆ మీది మడి ఎవరిదో నాకు తెలుసు. పాడాను. బాబాయి పాటకు కాగితం చూడాల్సి వచ్చింది, దీనికి అవసరం పడలేదు. కింది మళ్ల నెర్రెలు నేను చూసినవే. అమ్మ అక్కడే కూర్చుంది. వద్దనలేదు, సరే అనలేదు. రైలుకు టైమైందని మాత్రం అంది.

ఆపైన ఆత్మారాం ఒక తెలివైన పని చేశాడు. తక్కువ రికార్డులైతే కంపెనీ చేసివ్వదట. అందుకని రెండు పాటలూ కలిపి ఒకే రికార్డు చేయించాడు. ఒక వైపు సైకిల్, రెండో వైపు గొడుగు. ఎవలి దిక్కు వాళ్లు పెట్టుకుంటరు అన్నాడట. ఆ రికార్డు మీ చేతికి వచ్చే రోజున ఇంట్లో ఉండే ధైర్యం లేక ఇక్కడికి వచ్చాను.

ఇక్కడా తప్పించుకోలేకపోయాను. రుక్మాబాయి భర్త రామ్‌దాస్ గారు నిజామాబాదు వారపత్రికలో విలేకరి. జిల్లాలో ఈ ఎన్నికలకు వచ్చిన రికార్డులన్నీ తెచ్చి, మంచి చెడ్డలు చూసి వరస కట్టి రాస్తున్నారు. ఒకదాంట్లో అభ్యర్థి తాత పేరు కూడా ఉంది, గుర్తు చెప్పడం మరిచారు. ఇంకోదాన్ని బ్యాండుమేళం మింగేసింది. మన సైకిల్ పాటకు చివరి స్థానం ఇచ్చారు. ఎందుకని అడిగాను.

“అండ్ల ధీరుడున్నడు, మహానుభావుడున్నడు. మనిషి లేడు” అన్నారు.

గొడుగు పాటను మొదట పెట్టారు. అందులో నీళ్లున్నాయట. ఎవరికి అందుతున్నాయో, ఎవరికి అందడం లేదో ఉందట. రెండూ ఒక గొంతేనని ఆయన పోల్చుకోలేదు. రుక్మాబాయి నవ్వు ఆపుకోలేక చెప్పేసింది. ఆయన నవ్వలేదు. పెన్ను కింద పెట్టి నన్ను అడిగారు.

“వద్దంటే నీ పేరు వెయ్య. కాని పాట కట్టిన అంజవ్వ పేరేసి, పాడిన నీ పేరు ఆపితే అది సగం వార్త.”

వేయమన్నాను.

బాబాయి ముందు మీకు చిన్నతనమవుతుందని తెలుసు. పాటలో ఉన్నది అబద్ధమైతే క్షమాపణ రాసేదాన్ని. ఇంటికి రమ్మంటే వస్తాను. వద్దంటే ఆ మాట ఇంకొకరితో చెప్పించకండి, మీరే రాయండి.

మీ కూతురు
నాగకుమారి

ఎడపల్లి క్యాంపు,
2-3-1967

మా నాగకుమారికి,

నాన్న ఆశీస్సులు. జవాబు ఆలస్యమైంది. మొదట కోపం, తర్వాత చెరకు, ఆ తర్వాత కాలువ పని. వరసగా రాస్తాను.

నీ ఉత్తరం అందక ముందే నేను పాట విన్నాను. ఫ్యాక్టరీ ముందు మన బండ్లు వరసలో ఉన్నాయి. మీ బాబాయి జీపు వచ్చి ఆగింది. ఆత్మారాం రెండు వైపులా ఒకే రంగు కాగితం అంటించాడు, మైకు అతను తిరగేసి పెట్టాడు. సైకిల్ జెండా కట్టిన జీపులోంచి గొడుగు పాట వచ్చింది. మీ బాబాయి ఆపమన్నాడు. బండ్లవాళ్లు ఆపనివ్వలేదు.

“ఉండనీ రావుసాబ్, ఇయ్యాల్నే మీ జీపు మంచిమాట చెప్తున్నది” అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నీ గొంతు నాకు తెలియకపోతుందా? రాస్తావా, దాస్తావా అని ఎదురుచూశాను. రాశావు. నా కోపంలో సగం అక్కడ పోయింది.

మిగతా సగం పాట మీద. నా నీళ్లు వాగులోకి పోవు, నేను నిద్రపోయే మనిషిని కాను. రామ్‌దాస్ గారి చేత సవరణ వేయించాలనుకున్నాను. వేయించే ముందు కళ్లతో చూడాలి కదా. తెల్లవారగానే కాలువ మీదకి వెళ్లాను. మన పడమటి గట్టు తెగి ఉంది. నీళ్లు తిన్నగా వాగులోకి పోతున్నాయి. నీళ్లు కట్టే లింబయ్యను పిలిచి అడిగాను.

“నాట్లప్పటి సంది పోతున్నయి రావుసాబ్. మీరు అడుగలే, నేను చెప్పలే” అన్నాడు.

గట్టు వేయించాను. మన మళ్లు తడవగానే తూము మూయమన్నాను. నీళ్లు చివరి మడి దాకా వెళ్లాయి. అంజవ్వ గట్టెక్కి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

“లేసినవా రావుసాబూ?”

ఇప్పుడైనా నా నిద్ర సంగతి పాటలోంచి తీసేయమన్నాను. రికార్డులోకి ఎక్కిన మాట ఎట్లా తీస్తారని ఆమె నన్నే అడిగింది. నీళ్లు ఇలాగే వస్తే వచ్చే ఏడు ఇంకో పాట కడతానంది. ఒప్పుకున్నాను.

మీ బాబాయి ఓడిపోయాడు. దేవన్నా ఓడిపోయాడు. గెలిచినాయనకు రికార్డు లేదు, మైకు లేదు. ఇంటింటికీ నడిచాడు. ఓటమికి కారణం ఆత్మారామేనని మీ బాబాయీ దేవన్నా ఒకే మాట మీద ఉన్నారు. ఎన్నికల పొడవునా వాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే. మీ బాబాయి మొన్న భోజనానికి వచ్చాడు. నీ ప్రస్తావన ఎత్తలేదు కానీ చెయ్యి కడుక్కుంటూ ఆ పాటే కూనిరాగం తీశాడు.

పత్రిక చూశాను. ‘క్యాంపు అమ్మాయి నాగకుమారి’ అని వేశారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనందరివీ క్యాంపులే, ఎవరి అమ్మాయో లేదు. అది సగం వార్త అని నా మాటగా రామ్‌దాస్ గారికి చెప్పు.

ఇక వచ్చెయ్యి. దారిలో నిజామాబాదులో దిగి గ్రామఫోన్ ముళ్లు ఒక డబ్బా తీసుకురా. ఉన్నవన్నీ అరిగిపోయాయి. నిన్న రికార్డును వెలుతురులో పట్టుకుని చూశాను. సైకిల్ వైపు కొత్తదిలా నిగనిగలాడుతోంది. రెండో వైపు గీతలన్నీ అరిగి తెల్లబడ్డాయి. నేనేమో పొద్దున పోతే సాయంత్రం గానీ ఇంటికి రావడం లేదు. పగలంతా ఇంట్లో ఉండేది మీ అమ్మ ఒక్కతే.

మీ నాన్న
జగ్గారావు