వెనక అర్రల కుక్క

రూతమ్మా,

వెనక అర్రల ఒక కుక్కను పెట్టి తలుపేసిన. భయపడకు, కరవదు. గని కాడ రోజూ నాకు ఎదురొచ్చే నల్లది. ఇన్ని నీళ్లు, రాత్రి మిగిలిన జొన్నరొట్టె దానికి పెట్టు.

నిన్న మా గని మేనేజరు కొడుకును ఏదో కుక్క కరిచింది. గని చుట్టూ, మన బస్తీల ఉన్న దిక్కులేని కుక్కలన్నిటికీ ఈ రోజు విషం కలిపిన మాంసం పెట్టాలని హుకుం ఇచ్చిండు. మెడకు పట్టీ ఉన్నవాటిని వదిలేస్తరట. ఆ పని నాకే చెప్పిండు. "ఏసుదాసూ, నువ్వు పిలిస్తే అన్నీ ఉరికొస్తయి గదా" అని నవ్విండు. నౌకరీ పోతదని సరే అన్న. ఇప్పుడు తాండూరు బజారుకు మాంసం కోసమే పోతున్న.

మీ అన్న కొని తెస్తనన్న షాపు కుక్కపిల్ల కోసం నువ్వు తెప్పించిన ఎర్ర పట్టీ దీని మెడకు కట్టిన. నిన్ను అడగలేదు, కోపం చేసుకోకు. పక్కింటి భీమయ్య రైలుకు వికారాబాదు, మీ అన్న ఊరికే పోతున్నడు. హైదరాబాదుల ఆ కుక్కపిల్లను కొనొద్దని మీ అన్నకు చెప్పి పంపు. దాన్ని కొనేటోళ్లు మస్తుమంది ఉంటరు. దీనికి నేను తప్ప ఎవరున్నరు? ఆ నేనే ఈ పూట విషం పట్టుకొని తిరుగుతున్న.

ఏసుదాసు

ఇంకొకటి. మధ్యాహ్నం మన గల్లీకి గూడ వస్తం. మేనేజరు నా పక్కనే ఉంటడు. నా గొంతు విని అది తలుపు గీకుతది, ఏడుస్తది. పట్టీ ఉన్నా మాంసం కనపడితే తింటది. నేను ఎంత ముద్దుగ పిలిచినా సరే, దాన్ని బయటికి రానియ్యకు.