గీజరు బోల్టులకు గ్రీజు

ఏమండీ,

చలి మొదలైంది, గీజరు పనిచేయడం లేదు. ఈ భవానీపురం బోరునీళ్ళకు లోపలంతా ఉప్పు పేరుకుని ఉంటుంది. ఏటా కార్తీకానికి ముందే మీరు విప్పి కడిగేవారు. మీరు పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. "వస్తన్నానండి" అంటూ మెకానిక్ నాలుగు రోజులు గడిపాడు. అత్తయ్యకు స్టవ్ మీద నీళ్ళు కాచి మోయలేక నా నడుము పడిపోయింది.

ఇవాళ వచ్చీ రాగానే, "పాతదైపోయిందండి, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. ముందు విప్పి చూడమని గట్టిగా చెప్పాను. బోల్టులు తుప్పు లేకుండా తేలిగ్గా వచ్చేశాయి.

"ఎవరోగానీ గ్రీజు బాగా రాశారండి" అన్నాడు.

కడగడం అయ్యాక, అతన్ని అడిగి నేనే గ్రీజు రాసి బిగించాను. నీళ్ళు కాగాయి. పావుగంట పని. ఇన్నేళ్ళలో ఒక్కసారి నన్ను పక్కన నిలబెట్టుకుని చూపిస్తే మీకేం పోయేదండీ?