నరం కాదు సార్

సిద్దిపేట

ఫిజికల్ డైరెక్టర్ గారికి,

నిన్న పరుగు సాధనలో దేవిక తొడ వెనుక భాగం పట్టుకుని కూలబడింది. "నరం పట్టింది, గంతే! నాటకాలు బంద్ జేసి ఉరుకు" అన్నారు మీరు. ఆమె మళ్లీ పరుగెత్తింది.

సార్, అది నరం కాదు. మోకాలిని మడిచే కండరం. ముందుకు విసిరిన కాలిని వెనుక నుంచి పట్టి అదుపు చేసేదీ అదే. కొద్దిగా చిరిగినది, మళ్లీ పరుగెత్తడంతో పూర్తిగా తెగిందని దవాఖానలో చెప్పారు.

అయినా దేవిక, "సార్‌ను ఏమనకు అక్కా, టీంలకెల్లి తీసేస్తడు" అని నన్నే బతిమాలుతోంది.

రేపు అదే మైదానంలో, అందరి ముందు, 'నాటకాలు' అన్న మాటను వెనక్కి తీసుకోండి. పరుగును అదుపు చేసే కండరం కాలికి ఉంది. మీ నోటికి లేదు కనుక, ఆ పని నేను చేస్తున్నాను.

ఇట్లు,
దేవికను మోసుకెళ్లిన విద్యార్థిని